నోరు తెరిచి చూపించిన ఆడవాళ్లు

నా పరిశోధన ఉత్తరాంధ్ర స్త్రీల పాటల మీద. 2012లో రికార్డరు పట్టుకుని ఊళ్లు తిరగడం మొదలుపెట్టాను. మొదటి రికార్డింగు మా అమ్మమ్మదే. శ్రీకాకుళం జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు వాళ్లది. ఊడ్పుల పాటలు, దంపుళ్ల పాటలు, అప్పగింతల పాటలు ఒకదాని వెంట ఒకటి పాడుతూ పోయింది. ఆ రికార్డింగులో పాటకీ పాటకీ మధ్య అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపిస్తుంది. ఆ తర్వాత ఐదారు నిమిషాలు ఏమీ వినిపించదు. అమ్మమ్మ చుట్ట వెలిగించి, రెండు దమ్ములు లాగి, కాలుతున్న కొసని నోట్లోకి తిప్పుకుని పెదాలు మూసేసిన సమయం అది. మావైపు దాన్ని అడ్డపొగ అంటారు. థీసిస్ కోసం ఆ నిశ్శబ్దాలన్నీ కత్తిరించి, పాటలు మాత్రం ఉంచుకున్నాను.

మరుసటేడు మళ్లీ వెళ్లేసరికి అమ్మమ్మ మాట ముక్కులోంచి వస్తోంది. నీళ్లు తాగితే ముక్కులోకి ఎక్కుతున్నాయంది. పాడమంటే "ఇప్పుడు కాదులేయే గుంటా" అని తప్పించుకుంది. అప్పటికి ఏడాదిగా అంగిలి మీద పుండు ఉంది. చుట్ట వేడికి పొక్కిందనుకుంది. ఊళ్లో వైద్యుడు బి-కాంప్లెక్సు మాత్రలూ, నోట్లో రాసుకునే మందూ ఇచ్చాడు. పక్క టౌన్లో, కదులుతోందని ఒక పన్ను పీకారు. ఆ గాయం మానలేదు. ఈ చోట్లన్నిటికీ మా మామయ్యే తీసుకెళ్లాడు. అందరూ మామయ్యని అడిగారు, మామయ్య జవాబు చెప్పాడు. అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కన కూర్చుంది. ఆ కొంగు తీయమని, తల వెనక్కి వాల్చమని, టార్చి వేసి పైకి చూసినవాళ్లు ఒక్కరు లేరు.

చివరికి విశాఖపట్నంలో దంతవైద్యం చదువుకుంటున్న ఒక అమ్మాయి చూసింది. "నోరు తెరవండి మామ్మగారూ" అంది. అమ్మమ్మ "ఏటుంటాదని సూత్తావమ్మా" అంటూనే తెరిచింది. పది సెకన్లు పట్టిందేమో. ఆ అమ్మాయి టార్చి ఆర్పి, మా వైపు తిరగకుండానే ముక్క పరీక్షకి కాగితం రాసింది.

పది సెకన్ల పనికి ఏడాది ఎందుకు పట్టింది? ఈ ప్రశ్న పట్టుకుని, నాకు ఏమాత్రం పరిచయం లేని వైద్య పత్రికలు చదవడం మొదలుపెట్టాను. చదివినకొద్దీ ఆశ్చర్యం పెరిగింది. మా అమ్మమ్మది ఎవరికీ తెలియని జబ్బు కాదు. నోటి కాన్సర్ చరిత్రలో శ్రీకాకుళం పేరు అర్ధశతాబ్దం పైగా నలుగుతూ ఉంది. ఆ పేరు అక్కడికి చేరింది మావైపు ఆడవాళ్లు తమ నోళ్లు తెరిచి చూపించడం వల్ల. చూపించినదానికి వాళ్లకి తిరిగి ఏం దక్కిందన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న.

నిప్పు లోపలికి ఎందుకు?

తల, మెడ కాన్సర్లని వైద్యులు ఒక గుంపుగా చెబుతారు. నోరు, నాలుక, గొంతు, స్వరపేటిక, ముక్కు లోపలి గదులు, లాలాజల గ్రంథులు అందులోకి వస్తాయి. మన దేశంలో ఈ గుంపులో సింహభాగం నోటిదే. నోటిలోనూ మామూలుగా నాలుకకీ, బుగ్గ లోపలికీ, చిగుళ్లకీ వస్తుంది. పైనున్న గట్టి అంగిలికి రావడం చాలా ప్రాంతాల్లో అరుదు. కోస్తా ఆంధ్రలో అరుదు కాదు. ఈ తేడానే మొదట వైద్యుల కళ్లని ఆకర్షించింది.

1937లో ఎం.జి. కిణి, కె.వి. సుబ్బారావు విశాఖపట్నం అనుభవంతో 'ఇండియన్ మెడికల్ గెజెట్'లో కాన్సర్ సమస్య మీద రాశారు. 1945లో బొంబాయి నుంచి వి.ఆర్. ఖనోల్కర్, బి. సూర్యాబాయి ఒక అమెరికన్ పత్రికలో రాసిన వ్యాసం, మనుషుల వాడుకలకీ కాన్సర్లకీ ఉన్న సంబంధం గురించి. 1957లో డి. గోవింద రెడ్డి, వి.కె. రావు కాలుతున్న కొసని నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం వల్ల కోస్తా ఆంధ్రలో వచ్చే అంగిలి కాన్సర్ గురించి నేరుగా ఆ శీర్షికతోనే రాశారు. 1960లో గోవింద రెడ్డి బృందమే పొగాకు తారునీ వేడినీ కలిపి ప్రయోగశాలలో కాన్సర్ పుట్టించిన వివరాలు ప్రచురించింది. విదేశాల నుంచి ఎవరో వచ్చి కనిపెట్టేదాకా ఆగకుండా, ఇక్కడి వైద్య కళాశాలల్లో పనిచేసినవాళ్లు తమ దగ్గరికి వచ్చిన రోగుల్ని చూసి గుర్తుపట్టిన సంగతి ఇది. దీన్ని మనం గర్వంగానే చెప్పుకోవచ్చు.

అడ్డపొగ మావైపు మాత్రమే ఉన్నది కూడా కాదు. కరీబియన్ దీవుల్లో, పనామాలో, వెనెజులాలో, ఫిలిప్పీన్స్‌లో, ఇటలీకి చెందిన సార్డీనియా దీవిలో ఇలా తాగినవాళ్లున్నారు. ఎక్కువ చోట్ల వాళ్లు ఆడవాళ్లే. ఇన్ని దూరదేశాల ఆడవాళ్లకి ఒకే ఉపాయం తట్టిందంటే దాని వెనక ఒకే రకం బతుకు ఉండి ఉండాలి.

వైద్య వ్యాసాల్లో దీన్ని 'అలవాటు' అంటారు. కారణాలు ఒక వాక్యంలో వస్తాయి. గాలికి ఆరదు, బూడిద బట్టల మీద పడదు, ఎక్కువసేపు వస్తుంది, పంటినొప్పి తగ్గుతుందని నమ్మకం. ఆ వాక్యాన్ని నేను చాలాసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ అందులో పని కనిపించింది. సముద్రపు గాలిలో, వానలో, బురదలో నడుం వంచి ఊడ్చేవాళ్ల చేతులు ఖాళీగా ఉండవు. నెత్తిమీద చేపల తట్ట ఉన్నవాళ్లకీ, చంకలో పిల్ల ఉన్నవాళ్లకీ చుట్టని వేళ్ల మధ్య పట్టుకుని తీరిగ్గా పీల్చే వీలు లేదు. పెదాల తడికి చుట్ట నెమ్మదిగా కాలుతుంది. మామూలుగా రెండు నిమిషాల్లో అయిపోయేది పద్దెనిమిది నిమిషాల దాకా వస్తుందని పరిశోధకులు లెక్కగట్టారు. రోజుకి ఒకటో రెండో చుట్టలు కొనుక్కోగల మనిషికి ఇది పొదుపు కూడా. నోటిలోపలి గాలి వేడి 120 డిగ్రీలకి చేరగలదని కూడా వాళ్లే రాశారు.

అమ్మమ్మని అడిగితే ఇంత వివరం చెప్పలేదు. "నోట్లో ఉంటే ఎవులికీ కనబడదు గదే" అంది. పెద్దవాళ్ల ముందు, మగవాళ్ల ముందు నిప్పు కనబడకూడదు. పొగ కనబడకూడదు. తాగడం తప్పు కాదు, కనబడటం తప్పు. కొంగు అడ్డం పెట్టుకోవడం అక్కడే మొదలైంది. డాక్టరు ముందు కూడా అదే కొంగు అడ్డం వచ్చింది.

ఈ సందర్భంలో గురజాడ గుర్తుకు రాకుండా ఎలా ఉంటాడు? 1897లో తొలిసారి అచ్చై, 1909లో మారిన రూపంలో వచ్చిన కన్యాశుల్కంలో గిరీశం చుట్టని పొగుడుతూ పద్యం చదువుతాడు. శిష్యుడికి అబ్బిన విద్యల్లో చుట్ట కాల్చడం ఒకటి. ఆ నాటకం పుట్టిన విజయనగరానికి చుట్టుపక్కల పల్లెల్లోనే ఆడవాళ్లు నిప్పుని లోపలికి తిప్పుకుని తాగారు. సాహిత్య విద్యార్థిగా నేను గిరీశం చుట్ట మీద నవ్వాను, పరీక్షలో రాశాను. ఇంట్లో అమ్మమ్మ చుట్ట గురించి ఎప్పుడూ ఆలోచించలేదు. మగవాడి చుట్ట పాత్రపోషణ అయింది, ఆడదాని చుట్ట అలవాటుగానే ఉండిపోయింది.

పొగాకు మీద శాస్త్రీయమైన ఆసక్తి లేక కాదు. రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లోనే వచ్చింది. ఆకు బాగా పండాలి, మచ్చ పడకూడదు, రంగు రావాలి. ఆకు మీద మచ్చని చూడటానికి ఒక సంస్థ వచ్చేసిన చాలా ఏళ్లకిగానీ అంగిలి మీద మచ్చని చూడటానికి ఎవరూ ఊళ్లలోకి రాలేదు.

పదివేల నోళ్లు

వచ్చినవాళ్లు బొంబాయి నుంచి వచ్చారు. టాటా మౌలిక పరిశోధన సంస్థలో దంతవైద్య పరిశోధన విభాగం నడిపిన ఫాలీ మెహతా, కోపెన్‌హాగన్ నుంచి యెన్స్ పిండ్‌బోర్గ్, గణాంకాల పని చూసిన ప్రకాశ్ గుప్తా, వాళ్ల సహచరులు. 1960ల మధ్యలో మొదలుపెట్టి గుజరాత్‌లో భావ్‌నగర్, కేరళలో ఎర్నాకుళం, అప్పటి బీహార్‌లో సింగ్‌భూమ్, దర్భంగా, మన దగ్గర శ్రీకాకుళం జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి నోళ్లు చూశారు. 1969లో అచ్చయిన వ్యాసంలో ఆ సంఖ్య 50,915. అప్పటిదాకా కాన్సర్ గురించి తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆసుపత్రికి చేరినవాళ్ల వల్ల తెలిసిందే. ఆసుపత్రికి చేరినవాళ్లంటే బస్సు ఎక్కగలిగినవాళ్లు, తీసుకెళ్లే మనిషి ఉన్నవాళ్లు. ఇంటింటికీ తిరగడంతో మొదటిసారి ఆసుపత్రి గడప తొక్కని ఆడవాళ్లు లెక్కలోకి వచ్చారు. ఈ పద్ధతి విలువని తక్కువ చేసి చెప్పలేను.

1971లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ కాన్సర్'లో శ్రీకాకుళం గురించే ప్రత్యేకంగా ఒక వ్యాసం వచ్చింది. 10,169 మంది గ్రామస్తుల అంగిళ్లు చూసి రాసింది. వాళ్లలో దాదాపు 44 శాతం మంది అడ్డపొగ తాగేవాళ్లు. అప్పటి శ్రీకాకుళం ఇప్పటికంటే పెద్దది. 1979లో విజయనగరం జిల్లా ఏర్పడినప్పుడు అందులో కొంత భాగం అటు వెళ్లింది. కాబట్టి ఆ పదివేలమంది మనుమలూ, మనుమరాళ్లూ ఇప్పుడు రెండు మూడు జిల్లాల్లో ఉంటారు.

ఆ వ్యాసం ప్రత్యేకత వర్గీకరణలో ఉంది. అంగిలి మీద కనిపించే మార్పులన్నిటినీ ఒకే మాటతో పిలవకుండా విడదీశారు. పాలిపోయి మందంగా అయిన పొర, మధ్యలో ఎర్రటి చుక్క ఉన్న చిన్న బొడిపెలు, తెల్లమచ్చలు, ఎర్రబారిన చోట్లు, రంగు పోయిన చోట్లు, పుండ్లు. వీటిలో ఏది ప్రమాదం, ఏది కాదు అన్నదే కాన్సర్‌ని ముందుగా పట్టుకోవడంలో అసలు కిటుకు. తెల్లమచ్చలన్నీ కాన్సర్‌గా మారవు. ఎర్రబారిన చోటు తెల్లమచ్చ కంటే ఎక్కువ అనుమానించదగింది. ఈ చూపుకి మావైపు ఆడవాళ్ల అంగిళ్లు కూడా తోడ్పడ్డాయి. ఆ తర్వాత 1974లో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి అడ్డపొగకీ అంగిలి కాన్సర్‌కీ ఉన్న సంబంధాన్ని అమెరికా జాతీయ కాన్సర్ సంస్థ పత్రికలో మరోసారి వివరించారు.

ఈ వ్యాసాలతో పాటు ఫోటోలు ఉంటాయి. తెరిచిన నోళ్లు, కొన్నిట్లో అంగిలి మాత్రమే. ముఖాలు కనబడవు. రోగి గుర్తింపు బయటపడకూడదన్నది మంచి నియమమే, దాన్ని తప్పుపట్టను. కానీ పాటలు సేకరించే మనిషిగా నాకు ఒకటి తోచింది. నేనూ అదే చేశాను. పాట తీసుకున్నాను, పాడిన నోటిని వదిలేశాను. వాళ్లు నోటిని తీసుకున్నారు, మాటని వదిలేశారు. రెండు శాస్త్రాలూ కలిసినా ఆ మనిషి పూర్తిగా దొరకలేదు.

పదేళ్లపాటు ఆ గ్రామాల్లో మచ్చలు ఎలా మారుతున్నాయో చూశాక, 1970ల చివర్లో పొగాకు మానమని చెప్పే పని ఒక పరిశోధనగా మొదలైంది. ఎర్నాకుళం, భావ్‌నగర్, శ్రీకాకుళం కలిపి 36 వేల మందికి పైగా పొగాకు వాడేవాళ్లు అందులో ఉన్నారు. ఒక్కొక్కరికీ విడిగా సలహా చెప్పారు, ప్రచార సాధనాలు వాడారు. 1986లో 'లాన్సెట్'లో వచ్చిన ఫలితాల సారాంశం ఏమిటంటే, చెబితే కొందరు మానతారు, కొందరు తగ్గిస్తారు, అలా చేసినవాళ్ల నోళ్లలో కొత్త మచ్చలు తగ్గుతాయి. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది. చదువులేని ఆడవాళ్లకి చెప్పినా వినరు, అలవాటు మానరు అనే మాట ఇప్పటికీ మన చుట్టూ వినిపిస్తుంది. దానికి జవాబు అచ్చయి నలభై ఏళ్లవుతోంది.

అంతకు రెండేళ్ల ముందు, 1984లో, ఇదే బృందం అడ్డపొగ తాగేవాళ్ల మరణాల గురించి 'బ్రిటిష్ మెడికల్ జర్నల్'లో రాసింది. ఊళ్ల పేర్లు లేని ఆ పట్టికలు చూస్తుంటే అందులో మా ఊరు కూడా ఉందేమోనని వెతుక్కుంటాను.

అడయారులో పన్నెండు పడకలు

పట్టుకోవడం ఒక చరిత్ర, చికిత్స మరో చరిత్ర. దక్షిణాదిలో ఈ రెండో చరిత్రలో ఆడవాళ్లు రోగులుగానే కాక నిర్మాతలుగా కూడా కనిపిస్తారు.

ముత్తులక్ష్మీ రెడ్డి మనకి దేవదాసీ వ్యవస్థ రద్దు కోసం పోరాడిన మనిషిగా, 1927లో మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టిన తొలి మహిళగా తెలుసు. ఆమె చెల్లెలు 1923లో కాన్సర్‌తో చనిపోయింది. మొదట జిగట విరేచనాలనుకుని వైద్యం చేశారు. అసలు జబ్బు తెలిసేసరికి ఆలస్యమైపోయింది. డాక్టరైన అక్క ఉన్న ఇంట్లో కూడా జబ్బు సమయానికి పట్టుబడలేదు. ఆ దుఃఖాన్ని ముత్తులక్ష్మి మూడు దశాబ్దాలు మోసింది. భారత మహిళా సంఘం పేరు మీద కాన్సర్ సహాయ నిధి పెట్టి, ఇంటింటా చందాలు పోగుచేసి, 1954లో అడయారులో కాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలుపెట్టింది. మొదట పన్నెండు పడకలు. ఆమె కొడుకు కృష్ణమూర్తి, 1955లో చేరిన వి. శాంత దాన్ని నిలబెట్టారు. శాంత 2021 జనవరిలో చనిపోయేదాకా ఆ ఆవరణే ఆమెకి ఇల్లు.

మహిళా ఉద్యమ చరిత్ర రాసేటప్పుడు మనం ముత్తులక్ష్మి చట్టాల గురించి రాస్తాం, ఆసుపత్రి గురించి ఒక వాక్యంతో సరిపెడతాం. కాన్సర్ చరిత్ర రాసేవాళ్లు ఆసుపత్రి గురించి రాస్తారు, దాని పునాదిలో ఒక మహిళా సంఘం ఉందన్నది చివర్లో చెబుతారు. రెండూ ఒకే పని అని నాకు అనిపిస్తుంది. ఆడవాళ్ల శరీరం గురించి ఇంకొకరు మాట్లాడితే సరిపోదు అన్న ఒకే ఆలోచన రెండిటి వెనకా ఉంది.

శాంత, కృష్ణమూర్తి తొలి పరిశోధనల్లో నోటి కాన్సర్‌కి పెద్ద చోటుంది. అడయారుకి వచ్చే రోగుల్లో ఎక్కువమంది అప్పటికే ముదిరిపోయిన జబ్బుతో వచ్చేవాళ్లు. నోటి కాన్సర్ కారణాల మీద వాళ్లిద్దరూ 1959లో వ్యాసం రాశారు. బుగ్గ లోపలి కాన్సర్‌కి రేడియేషన్‌తో పాటు మందులు కూడా కలిపి ఇచ్చే పద్ధతిని ప్రయత్నించి, 1971లో ఫలితాలు ప్రకటించారు. ఇవాళ తల, మెడ కాన్సర్లు ముదిరినప్పుడు రేడియేషన్‌తో పాటే మందు ఇవ్వడం మామూలు పద్ధతి. ఆ దారిలో తొలి అడుగులు వేసినవాళ్లలో చందాలతో మొదలైన ఈ ఆసుపత్రి ఒకటి.

మా అమ్మమ్మకి జరిగింది శస్త్రచికిత్స. ఆరోగ్యశ్రీ కార్డు ఉంది కాబట్టి డబ్బు అడ్డం రాలేదు. అంగిలిలో సగం, దానితో పాటు పైదవడ ఎముక కొంత తీసేశారు. తర్వాత ఆరు వారాలు రేడియేషన్. అంగిలి పోతే నోటికీ ముక్కుకీ మధ్య గోడ ఉండదు. అన్నం ముక్కులోకి వస్తుంది, మాట అర్థం కాదు. ఆ కంత మూయడానికి దంతవైద్యులు ఒక పలక చేసి పెడతారు, ఆబ్చురేటర్ అంటారు. పదహారో శతాబ్దంలోనే ఫ్రాన్స్‌లో అంబ్రువాజ్ పారే అనే శస్త్రవైద్యుడు ఇలాంటి పలకల గురించి రాశాడు. నాలుగువందల ఏళ్ల నాటి ఆ ఉపాయమే అమ్మమ్మకి మాటని తిరిగి ఇచ్చింది. మొదటిసారి పెట్టిన రోజు ఆమె అన్న మాట "నీల్లియ్యి". నీళ్లు గొంతులోకే దిగాయి. మళ్లీ ఇంకో గ్లాసు అడిగింది.

చూసే కళ్లు

ఈ ఇరవై ఏళ్లలో మన దేశం నుంచే ఈ జబ్బు మీద ప్రపంచం మొత్తం చదివిన పరిశోధనలు వచ్చాయి. మూడిటిని చెబుతాను.

మొదటిది కేరళది. 1996లో తిరువనంతపురం జిల్లాలో పదమూడు పంచాయతీల్లో దాదాపు 1,92,000 మందితో మొదలైంది. కొన్ని పంచాయతీల్లో ఆరోగ్య కార్యకర్తలకి శిక్షణ ఇచ్చి ఇళ్లకి పంపి నోళ్లు చూపించారు, మిగిలిన చోట్ల మామూలు వైద్యమే. వాళ్లు డాక్టర్లు కాదు. వాళ్ల దగ్గరున్నది వెలుతురు, కళ్లు. 2005లో వచ్చిన ఫలితాల్లో పొగాకో మద్యమో వాడేవాళ్లలో నోటి కాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి. జనాభా మొత్తం మీద చూస్తే తేడా గట్టిగా చెప్పగలిగినంత లేదు. కాబట్టి ఎవరి నోరు ముందు చూడాలో కూడా ఈ ప్రయోగమే చెప్పింది.

రెండోది బొంబాయి టాటా మెమోరియల్‌ది. నోటి కాన్సర్ తొలి దశలో ఉన్నప్పుడు మెడలో గడ్డలేవీ కనబడకపోయినా అక్కడి గ్రంథుల్ని ముందే తీసేయాలా, కనబడ్డాక తీస్తే సరిపోతుందా? దశాబ్దాలుగా తేలని ఈ వాదనని అనిల్ డిక్రూజ్ బృందం 2015లో తేల్చింది. ముందే తీసినవాళ్లలో మూడేళ్ల తర్వాత బతికి ఉన్నవాళ్లు 80 శాతం, ఆగి చూసినవాళ్లలో 67.5 శాతం. కానీ ఈ ప్రయోగం నాలుక, బుగ్గ, నాలుక కింది భాగం కాన్సర్లది. అంగిలి అందులో లేదు. అంగిలి జబ్బు మెడకి పాకే తీరు వేరు కాబట్టి దాన్ని కలపకపోవడానికి శాస్త్రీయ కారణం ఉంది. అయినా, ఇంత పెద్ద ప్రశ్నకి జవాబు దొరికినప్పుడు అది మావైపు ఆడవాళ్లది కాని చోట దొరికిందన్నది గమనించాల్సిన సంగతి.

మూడోది కూడా టాటా మెమోరియల్‌దే. జబ్బు నయం కాని దశకి చేరినవాళ్లకి ఇచ్చే నివోలుమాబ్ అనే మందు మన దేశంలో మామూలు కుటుంబాలకి అందని ఖరీదు. మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. అది మామూలు మోతాదులో పదోవంతు కూడా కాదు. దాన్ని చవకైన మాత్రలతో కలిపి ఇస్తే ఏడాది తర్వాత బతికి ఉన్నవాళ్లు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారని 2022లో ప్రకటించారు. పేదవాళ్ల కోసం వేసిన ప్రశ్నే మంచి శాస్త్రం అవుతుందనడానికి ఇది నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ.

ఇన్ని తెలిశాక కూడా నోళ్లు చూస్తున్నారా? 2016లో కేంద్ర ప్రభుత్వం ముప్ఫై దాటిన అందరికీ నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ముప్ఫై నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా నోటి కాన్సర్ కోసం నోరు చూపించుకున్నవాళ్లు 0.9 శాతం. నూటికి ఒక్కరు కూడా లేరు. మగవాళ్లలో 1.2 శాతం. ఈ మూడు పరీక్షల్లో బట్టలు తీయక్కర్లేనిది, సూది గుచ్చక్కర్లేనిది నోటి పరీక్ష ఒక్కటే. అదీ జరగలేదు.

మా ఊరి ఆశా కార్యకర్తని అడిగాను. పుస్తకంలో రాసే గడి ఉందంది. "సూడమని సెప్పారు గానీ, ఏది సూడాలో ఎవులూ సూపించలేదక్కా" అంది. ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తెల్లమచ్చకీ ఎర్రమచ్చకీ తేడాని పరిశోధకులు ఈ ఊళ్లలో విడదీసి చూశారు. ఆ తేడా తెలుసుకోవాల్సిన ఈ ఊరి అమ్మాయికి మాత్రం అది చేరలేదు. విశాఖపట్నం దగ్గర అగనంపూడిలో ఇప్పుడు టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా కాన్సర్ ఆసుపత్రి ఉంది. కత్తికీ రేడియేషన్‌కీ బొంబాయి వెళ్లక్కర్లేదు. కానీ అక్కడికి చేరేలోపు ఊళ్లో, ఇంటి అరుగు మీద, కొంగు పక్కకి తీసి "అత్తా, ఒకసారి నోరు తెరువు" అనగలిగిన ఆడమనిషి కావాలి. మగవాళ్ల ముందు తెరవని నోరు ఆమె ముందు తెరుచుకుంటుంది. ఆమెకి నేర్పించడం, నేర్చుకున్న పనికి సరైన జీతం ఇవ్వడం, ఆమె పంపిన మనిషిని ఆసుపత్రి వెనక్కి పంపకుండా చూడటం మిగిలిన పని. దీనికి కొత్త పరిశోధన అక్కర్లేదు.

అడ్డపొగ తాగేవాళ్లు ఇప్పుడు తగ్గారు. మా ఊళ్లో నా వయసు ఆడవాళ్లెవరూ తాగరు. అలవాటు పోతోంది కాబట్టి జబ్బూ దానంతట అదే పోతుందిలే అనే ధోరణి కొందరు డాక్టర్ల మాటల్లో విన్నాను. తాగిన తరం ఇంకా బతికే ఉంది. వాళ్లకి డెబ్బై ఏళ్లు, ఎనభై ఏళ్లు. వాళ్ల నోళ్లు చూడటానికి మిగిలిన కాలం ఎక్కువ లేదు.

అమ్మమ్మ ఆపరేషన్ తర్వాత నాలుగేళ్లు బతికింది. 2016లో చివరిసారి పాడింది. పలక కదిలినప్పుడల్లా చిన్న చప్పుడు వస్తుంది. కొన్ని అక్షరాలు పలకవు. మధ్యలో అగ్గిపుల్ల చప్పుడు లేదు. 2017లో జబ్బు తిరగబెట్టింది.

ఈమధ్య నా రికార్డింగులన్నీ ఒక గ్రంథాలయానికి ఇస్తూ, థీసిస్ కోసం కత్తిరించిన నిమిషాలని మళ్లీ వాటి చోట్లో అతికించాను. గాయని వివరాలు రాసే చోట పేరు, ఊరు, వయసు, పాడిన పాటల సంఖ్య ఉన్నాయి. కింద ఒక వాక్యం చేర్చాను. "యాభై ఏళ్లు అడ్డపొగ తాగింది. అంగిలి కాన్సర్‌తో మరణించింది. ఏడాదిపాటు ఎవరూ నోరు చూడలేదు."